రాజమల్లుగారి ఎర్రగడ్డ బదిలీ

"మీ మామయ్యగారు మా ఇంట్లోనే ఉన్నారే. పెసరట్టు తింటున్నారు. పెనం మీద ఇంకోటి ఉంది, మాడిపోతుంది, ఉంటా."

అమ్మ ఫోన్ పెట్టేసింది. నేను అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి, నవ్వూ ఏడుపూ కలిసిన చప్పుడొకటి చేశాను. కోచింగ్ సెంటర్ కరపత్రాలు పంచుతున్న అమ్మాయి నాకివ్వబోయిన కాగితాన్ని మెల్లగా వెనక్కి తీసుకుంది.

జ్యూస్ బండి దగ్గర ఫోన్లో తండ్రి ఫోటో చూపించి వాకబు చేస్తున్న శ్రవణ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? బాపు దొరికిండా? మంచిగనే ఉన్నడా?"

"పెసరట్టు తింటున్నారు!"

"ఎవరు?"

"మామయ్యగారు! పంజాగుట్టలో! మా అమ్మ వేసిన పెసరట్టు!"

శ్రవణ్ అంతమంది జనంలో నా రెండు చేతులూ పట్టుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. కొత్త పెళ్ళికొడుకు కదా, చేతులు పట్టుకోవడం అతనికి అలవాటే. ఇలా పట్టుకోవడం మాత్రం ఇదే మొదలు. అతని నుదురు చెమటతో తడిసి చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకెంత నచ్చిందో చెప్పలేను.

పోయినవారం మీరు మమ్మల్ని వదిలిపెట్టింది తాళం వేసిన దుకాణం ముందు. మా అమీర్‌పేట ఇంటి కిందే మా మామగారు రాజమల్లుగారి టైలరింగ్ దుకాణం. సిరిసిల్ల నుంచి వచ్చి ఆయన అక్కడ మొదటి చొక్కా కుట్టేనాటికి శ్రవణ్ పుట్టనేలేదు. పండగనాడు కూడా ఒక పూటైనా తెరుచుకునే ఆ దుకాణానికి ఈ పొద్దున తాళం. ఆయన ఫోన్ దేవుడి గూట్లో ఉంది. మనిషి లేరు. మా అత్తగారు కాంతవ్వ సిరిసిల్లలో చెల్లెలింటికి వెళ్ళారు, ఆమెకు చెప్పే ధైర్యం మాకిద్దరికీ లేదు. రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. ఎందుకని అడిగితే, "ఆకలి లేదమ్మా," అన్నారు. నన్ను ఎప్పుడూ 'బిడ్డా' అని పిలిచే మనిషి 'అమ్మా' అన్నప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు.

సరే, దొరికారు! అదే కావలసింది. బండెక్కి పంజాగుట్ట వైపు తిరిగాం. ఎండ మండిపోతున్నా నాకు పౌర్ణమిలా ఉంది. మా తల మీదుగా వెళ్ళిన మెట్రోకి చెయ్యి ఊపాను. సిగ్నల్ దగ్గర మల్లెపూలమ్మే ఆవిడ, "ఏందమ్మా మస్తు ఖుషీగున్నవు?" అంటే, "మా మామయ్యగారు దొరికారండీ!" అన్నాను. ఆవిడకేం అర్థమైందో ఏమో, నేను కొన్న మూర మీద ఇంకో బెత్తెడు కొలిచి ఇచ్చింది.

అద్దంలో శ్రవణ్ మొహం చూశాను. నవ్వు ఆగిపోయి ఏదో ఆలోచనలో పడ్డాడు.

"దొరికిండు, మంచిదే. మరి ఎందుకు పోయిండు ధాత్రీ? అది సుత మీ ఇంటికి?"

అవును కదా! మా నాన్న రాఘవయ్యగారూ మామయ్యగారూ వియ్యంకులైనప్పటి నుంచీ ఇద్దరూ కలిసి మాట్లాడుకున్న మాటలు 'బాగున్నారా'లూ 'ఉంటాం మరి'లూ తప్ప ఇంకేమీ లేవు. మా నాన్న భాష ఆయనకు పుస్తకంలా వినిపిస్తుంది, ఆయన భాష మా నాన్నకు సగమే వినిపిస్తుంది. అలాంటిది చెప్పాపెట్టకుండా పొద్దున్నే వియ్యంకుడి తలుపు కొట్టడమేంటి?

అది తలుపు తీయగానే తెలిసింది.

*

మామయ్యగారు సోఫా చివర, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోయే మనిషిలా కూర్చున్నారు. పక్కన చిన్న సంచి, దాంట్లో ఒక జత బట్టలు. నన్ను చూసి తల దించుకున్నారు. నాన్న రిటైరైన బ్యాంకు మేనేజరు. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారంటే ఎవరి దరఖాస్తో తిరస్కరించబోతున్నారని అర్థం. ఇప్పుడు అదే చేశారు.

"అల్లుడుగారూ, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. ధాత్రీ, నువ్వు నిలబడు."

"ఏంటి నాన్నా?"

"నిన్న సాయంత్రం బాల్కనీలో నిలబడి నీ మొగుడితో ఫోన్లో ఏమన్నావు?"

"ఏమన్నాను? రోజూ ఏవో అంటాను..."

"నేను చెప్త," అన్నారు మామయ్యగారు, నేలను చూస్తూనే. "పాలపాకిట్ తెచ్చి మెట్లెక్కుతున్న. ఈమె మాట్లాడుతుంది." గొంతు సవరించుకుని, అక్షరం పొల్లుపోకుండా, మా కోస్తా యాసతో సహా అప్పజెప్పారు. "'రాజమల్లుగారిని ఎర్రగడ్డకి పంపించేద్దాం శ్రవణ్. ఆయన చెయ్యి ఇంక పనికిరాదు. ఎన్నాళ్ళని మోస్తాం చెప్పు? అత్తయ్యగారు ఊరినుంచి వచ్చేలోపే కానిచ్చేద్దాం.' గదీ బావగారూ, నేనిన్నది. నాకేం కోపం లేదు. పిచ్చోళ్ళ దవాఖానకు పంపుడే ఉంటే నాకొక్క మాట చెప్తే అయిపోవు గదా. నేనే పోతుంటి."

 వంటింట్లో అట్టు చుయ్యిమంది.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థమవగానే నవ్వొచ్చింది. ఆపుకుందామని కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పొద్దున్నుంచీ ప్రతి ఆసుపత్రి బోర్డూ చూసి గుండె జారిపోయాక వచ్చిన నవ్వు అది. పట్టపగ్గాల్లేకుండా వచ్చేసింది.

"నవ్వుతోందా?" నాన్న నిజంగానే కోపగించుకున్నారు. "వరం, నీ కూతురు నవ్వుతోంది!"

అమ్మ గరిటెతో బయటికొచ్చింది. అమ్మ పేరు వరలక్ష్మి. "ఏంటే, పెద్దాయన అంత మాట అంటుంటే?"

శ్రవణ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "బాపూ, అది లీగు! ఎర్రగడ్డ టీము! బేస్‌బాల్!"

"ఏం బాలు?" అన్నారు ఇద్దరు తండ్రులూ. వియ్యంకులు ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదటిసారి.

*

ఇక చెప్పక తప్పలేదు. మీకు కూడా ఇంకోసారి చెబుతాను, వినండి.

బేస్‌బాల్ అంటే మన క్రికెట్‌కి దూరపు చుట్టం. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు బ్యాటుతో కొట్టి నాలుగు మూలలూ చుట్టి వస్తాడు. శ్రవణ్‌కి ఇంజనీరింగ్ హాస్టల్లో అంటుకున్న జబ్బు ఇది. అయితే కంప్యూటర్లో అతను ఆడేది ఆట కాదు, ఆట వెనక పెత్తనం. ఎవరిని ఆడించాలి, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి, ఎవరిని పక్క టీముకి బదిలీ చేసి బదులుగా ఎవరిని తెచ్చుకోవాలి, అన్నీ మేనేజరు చూసుకోవాలి. పెళ్ళైన కొత్తలో అతని భుజం మీద గడ్డం ఆనించి చూస్తూ, "ఈ అమెరికా ఊళ్ళన్నీ ఎందుకు? మన ఊళ్ళతో ఒక లీగు చేసుకోకూడదా?" అని అడిగాను. చేసుకోవచ్చట! ఊళ్ళు, టీములు, ఆటగాళ్ళు, మైదానాలు, వానలు, అన్నీ మనమే పుట్టించుకోవచ్చట. ఆ మాట విన్న సాయంత్రం నాకు బంగారం కొనిపెట్టినా అంత సంతోషించేదాన్ని కాదు.

అలా పుట్టింది మా లీగు. అమీర్‌పేట కత్తెరలు, అది మామయ్యగారి గౌరవార్థం. పంజాగుట్ట ఫ్లైఓవర్లు. ఖైరతాబాద్ లడ్డూలు. యూసుఫ్‌గూడ టూలెట్లు. రైతుబజారు ఉంది కాబట్టి ఎర్రగడ్డ వంకాయలు. మా మైదానం మీదుగా మెట్రో పట్టాలు పోతాయి, బంతి వాటికి తగిలితే పరుగు ఇవ్వాలా వద్దా అని మేమిద్దరం ఒక పూటంతా మాట్లాడుకోలేదు. ఆటగాళ్ళంతా మా పెళ్ళికొచ్చినవాళ్ళే. భోజనాల దగ్గర తోసుకుని ముందుకెళ్ళిన మా పెదనాన్న కొడుకు తేజ, పరుగుల్లో మొదటివాడు.

"మరి ఆ రాజమల్లు?" నాన్న అనుమానంగా అడిగారు.

"మామయ్యగారే నాన్నా. అమీర్‌పేటకి బంతి విసిరేది ఆయనే. టీముకి ప్రాణం. కాకపోతే ఈ మధ్య చేతికి దెబ్బ తగిలినట్టు చూపిస్తోంది. ఎర్రగడ్డవాళ్ళు ఆయన్నిస్తే ఇద్దరు కుర్రాళ్ళని ఇస్తామన్నారు. మంచి బేరం కదా అని నేను..."

"అత్తయ్యగారు వచ్చేలోపే అన్నవు?" మామయ్యగారు మొదటిసారి తలెత్తి నా మొహం చూశారు.

"అత్తయ్యగారు వచ్చారంటే టీవీలో ఆమె సీరియళ్ళు వస్తాయి మామయ్యగారూ. మా లీగు పెద్ద తెర మీద చూసుకోవడం కుదరదు. అందుకే ఆమె వచ్చేలోపు బదిలీలన్నీ..."

ఆయన పెదవి చివర ఏదో కదిలింది. కానీ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు.

"బాపూ, నాకొకటి సమజ్ కాలే," అన్నాడు శ్రవణ్. "సిరిసిల్లల రాయి ఇసిరితే రాజమల్లు మీద పడుతది. ఈమె రాజమల్లు అంటే నువ్వే అని ఎట్ల అనుకున్నవ్?"

"ఒరేయ్, గారు అన్నదిరా!" మామయ్యగారు ముందుకు వంగారు. "మన రాజమల్లులల్ల గారు ఎవనికున్నది? నన్ను కట్టుకున్న మీ అవ్వ 'ఓ' అని పిలుస్తది. దుకాణానికి వచ్చేటోళ్ళు మాస్టర్ అంటరు. బస్తీల అన్న అంటరు. ఈ భూమ్మీద నన్ను రాజమల్లుగారు అనేది ఈ ఇంటోళ్ళే. గారు ఇన్నంక నేను కాదని ఎట్ల అనుకోవాలె?"

 ఆయన్ని ఎర్రగడ్డకి పంపిస్తూ కూడా గారు పెట్టి పంపించానన్నమాట!

"గా గారు గురించి అయితే చూపియ్యాలె," అంటూ శ్రవణ్ బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి నాన్నవాళ్ళ టీవీకి తగిలించాడు. "చూస్తే మీరే నవ్వుతరు."

తెర మీద అమీర్‌పేట కత్తెరల జట్టు వచ్చింది. నాన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఇంగ్లీషులో ఒక్కో పేరూ బ్యాంకులో సంతకాలు సరిచూసినట్టు చదువుతూ వచ్చి ఆగారు.

"రాజమల్లు గారు. ఇదేంటి, గారు ఇంటిపేరులా వచ్చింది?"

అక్కడే నా ఘనకార్యం ఉంది. ఆటగాణ్ణి పుట్టించేటప్పుడు పేరుకో గడి, ఇంటిపేరుకో గడి ఉంటాయి. చుట్టాల పేర్లూ స్నేహితుల పేర్లూ చకచకా కొట్టేశాను గానీ, మామగారి పేరు ఉత్తదిగా కొట్టడానికి నా వేళ్ళు ఒప్పుకోలేదు. రెండో గడిలో 'గారు' అని పెట్టేశాను. ఆ ఆటలో వ్యాఖ్యానం చెప్పే ఇంగ్లీషు మనిషికి ఇంటిపేరుతో పిలవడం అలవాటు. అందుకని ఆటంతా, "గారు విసిరాడు! గారు అలిసిపోయాడు! గారు మళ్ళీ విసిరాడు!" అంటూనే ఉంటాడు.

అమ్మ గరిటె పట్టుకునే సోఫాలో కూలబడి నవ్వింది.

"నేనున్నానా ఇందులో?" అన్నారు నాన్న, ఏమీ పట్టనట్టు.

"ఖైరతాబాద్ లడ్డూల్లో ఉన్నారు నాన్నా."

"ఆడుతున్నానా?"

"బెంచీ మీద ఉన్నారు. కానీ గౌరవంగా ఉన్నారు. మీక్కూడా గారు పెట్టాను."

శ్రవణ్ నాన్న పేరు నొక్కాడు. రాఘవయ్య గారు. దాని కింద ఒక చిన్న వాక్యం. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు, మళ్ళీ చదివారు.

"అమీర్‌పేట ఆటగాడు రాజమల్లు గారికి సొంత అన్న... అని రాసుంది. ఏంటిది?"

"ఇంటిపేరు ఒక్కటే గదా మామా," శ్రవణ్ నవ్వుతూ అన్నాడు. "ఈ ఆటకు ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ములే. మీరిద్దరు గారోళ్ళ ఇంట్ల పుట్టిండ్రు."

 మామయ్యగారు నవ్వారు. నేను ఆ ఇంటికి వెళ్ళినప్పటి నుంచీ ఆయన నవ్వడం చూశాను గానీ, భుజాలు ఎగిరేట్టు, కళ్ళు తుడుచుకునేట్టు నవ్వడం చూడలేదు. నాన్న ఎంత బిగపట్టినా లాభం లేకపోయింది.

"అన్ననైనప్పుడు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తమ్ముణ్ణి ఆడిస్తారా!" అన్నారు.

"ఎర్రగడ్డకు అమ్మేసేటోళ్ళు నన్నే గదన్నా," అన్నారు మామయ్యగారు.

"అసలు ఎర్రగడ్డంటే ఎందుకంత భయం అన్నయ్యగారూ?" అమ్మ ఆయన ప్లేట్లో ఇంకో అట్టు వేసింది. "మా ఆఫీసులో స్వరాజ్యంగారు నిద్రపట్టక అక్కడికే వెళ్ళి చూపించుకున్నారు. బాగుపడ్డారు. మా అందరికంటే ముందు ప్రమోషన్ కూడా కొట్టేశారు."

నాకు గాల్లో తేలుతున్నట్టుంది. గండం గడిచింది. ఇంక ఇంటికి వెళ్ళి తలస్నానం చేసి, మామయ్యగారికి ఇష్టమైన సర్వపిండి చేసి పెట్టాలని లోపల్లోపలే అనుకుంటున్నాను.

అప్పుడు ఆయన తెర వైపు వేలు చూపించారు.

"బిడ్డా, నా పేరు పక్కన గా ఎర్ర గుర్తు ఏంది?"

మళ్ళీ బిడ్డనయ్యాను! ఆ ఆనందంలో ఆలోచించకుండా చదివేశాను.

"దెబ్బ తగిలిందని గుర్తు మామయ్యగారూ. కుడి చెయ్యి. ఏమైందో తెలియదు, పరీక్ష ఇంకా చేయించలేదు అని రాసుంది."

ఆయన తన కుడి చేతిని ఎడమ చేత్తో మూశారు. మూసిన చెయ్యి కింద ఏదో పిట్ట కదిలినట్టు కదిలింది.

"ఆటకెట్ల ఎరుక?" అన్నారు నెమ్మదిగా.

"ఆటే అప్పుడప్పుడు దెబ్బలు తగిలిస్తూ ఉంటుంది..." అంటూ శ్రవణ్ వైపు తిరిగాను. శ్రవణ్ నన్ను చూడటంలేదు. వాళ్ళ నాన్న చేతుల్ని చూస్తున్నాడు. నిన్న ఫోన్లో నేను అంత మంచి బేరం చెబితే అతను, "వద్దు, ఆయనను ఇయ్యొద్దు," అని ఒక్క మాట అని ఊరుకోవడం గుర్తొచ్చింది.

"ఆట పెట్టలే బాపూ. నేనే పెట్టిన."

"నువ్వా?"

"పోయిన నెల నువ్వు ప్యాంటు బట్ట మీద సుద్ద గీత గీస్తుంటే చూసిన. గీత సక్కగ వస్తలేదు. తుడిచినవు. మళ్ళ గీసినవు. నేను చూసిన్నని నీకు ఎరుకలేదు. సూట్లు సుత తీసుకుంటలేవు ఇప్పుడు. అడుగుదామంటే నోరు రాలేదు." శ్రవణ్ తెర వైపు చూపించాడు. "లీగుల నీ పేరు తెరిచి చూస్తుంటే ఆ గడి కనవడ్డది. చేతికి ఏమన్న అయిందా అని అడుగుతది. అండ్ల రాసిన. నీకు చెప్పలేనిది కంప్యూటర్‌కు చెప్పిన."

నాకు కూడా చెప్పలేదు. ఆ సంగతి తర్వాత తేల్చుకుంటాను. ఆ క్షణంలో మాత్రం నా మొగుడు నాకు ఇంకొంచెం ఎక్కువ నచ్చాడు.

 మామయ్యగారు అరుస్తారేమోనని నాన్న, ఏడుస్తారేమోనని అమ్మ చూస్తున్నారు. ఆయన రెండూ చేయలేదు.

"గీ ఎర్రగడ్డ బేరాన్ని ఒద్దనుడు ఎట్ల బిడ్డా?"

"ఈ ఎలుక పట్టుకుని, ఆ బాణం గుర్తును అక్కడ ఎర్ర బొత్తాం మీదికి తీసుకెళ్ళి నొక్కాలి మామయ్యగారూ."

కుడి చేత్తో మౌస్ పట్టుకున్నారు. పెద్ద తెర మీద బాణం వణికింది. బొత్తాం దాకా వెళ్ళింది, జారింది, ఖైరతాబాద్ దాకా పోయింది, తిరిగి వచ్చింది. అందరం చూస్తున్నాం. అందరం చూస్తున్నామని ఆయనకూ తెలుసు. ఆయన దాచుకోలేదు. ఎడమ చెయ్యి సాయం తీసుకోలేదు. మళ్ళీ మళ్ళీ తీసుకెళ్ళి, చివరికి బొత్తాం మీద పెట్టి నొక్కారు. రాజమల్లు గారు అమీర్‌పేటలోనే ఉండిపోయారు.

"గిట్లనే అయితుంది," అన్నారు, సోఫాలో వెనక్కి వాలి. పెద్ద మూట దించినట్టు ఊపిరి వదిలారు. "చెయ్యి వణుకుతుందంటే తలకాయల ఏదో చెడ్డదనుకున్న. ఎవరికన్న కనపడితే నన్ను ఏడికో తోలుతరని భయపడ్డ. అందుకే నువ్వు ఎర్రగడ్డ అనంగనే అయిపాయె అనుకున్న బిడ్డా. వీడు చూసిండని తెల్వక నేను దాచిన, అడగ నోరు రాక వీడు దాచిండు. ఒక్క ఇంట్ల ఇద్దరం దొంగలం."

శ్రవణ్ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆయన ఆ వణికే చేత్తోనే కొడుకు జుట్టు చెరిపారు. "మస్తు పెరిగింది. కటింగ్ చేయించుకో," అన్నారు.

నాన్న అప్పటికే ఫోన్ తీశారు. ఇలాంటప్పుడు ఏదో ఒకటి చేయకపోతే ఆయనకు ఊపిరాడదు. మా పక్క అపార్ట్‌మెంటులో దివ్యశ్రీ అని నరాల డాక్టరు ఉంది. స్పీకరు పెట్టి మాట్లాడారు. చెయ్యి గురించి అంతా విని ఆమె, "చూడకుండా ఏమీ చెప్పలేను అంకుల్. కానీ ఇలాంటివాళ్ళు చాలామంది వస్తారు నా దగ్గరికి, నవ్వుతూ వెళ్ళినవాళ్ళూ బోలెడుమంది. రేపు తీసుకురండి, రాత్రికి ఆయన్ని హాయిగా పడుకోమనండి," అంది. ఆ గొంతు వింటేనే సగం జబ్బు తగ్గేట్టుంది.

"ఒక్క విషయం," అంది మళ్ళీ. "వాళ్ళింట్లో ఇంకెవరికైనా, అన్నదమ్ములకు గానీ తల్లిదండ్రులకు గానీ, చెయ్యి ఇలా వణికేదా?"

"లేదు మేడమ్," శ్రవణ్ కింద నుంచే చెప్పాడు. "తాతకు, బాపమ్మకు మంచిగనే ఉండె. బాపు ఒక్కడే కొడుకు."

"డాక్టరమ్మకు అబద్ధం చెప్పొద్దు," అన్నారు మామయ్యగారు.

"అబద్ధమేంది బాపూ?"

ఆయన నా వైపు చూశారు, కొడుకు వైపు కాదు. మొహంలో భయం లేదు. ఒకసారి తలుపు తెరిచాక రెండో గది కూడా తెరిచేద్దాం అనుకున్న మనిషిలా ఉన్నారు.

"నాకొక అన్న ఉన్నడు. హనుమాండ్లు. ఆయన చెయ్యి ఇట్లనే వణుకుతుండె, నాకంటే ముందు నుంచి."

శ్రవణ్ లేచి నిలబడ్డాడు. "నీకు అన్న ఏడున్నడు బాపూ? నువ్వొక్కనివే అని బాపమ్మ..."

"మీ బాపమ్మ గట్లనే చెప్పింది. నన్ను సుత గట్లనే చెప్పుమన్నది. మీ అవ్వకు సుత ఎరుకలేదు." ప్లేటులో మిగిలిన ముక్కను పూర్తి చేసి, చెయ్యి తుడుచుకున్నారు. "ఆయన ఏడనో లేడు. యూసుఫ్‌గూడల ఉంటడు."

యూసుఫ్‌గూడ! మా డాబా మీద నిలబడితే ఆ వైపు నీళ్ళ ట్యాంకులు కనిపిస్తాయి. నేనూ శ్రవణ్ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఫోన్లో డాక్టరమ్మ, "హలో, అంకుల్, ఉన్నారా?" అంటోంది.

"ఉన్నం అమ్మా," అని ఆమెకు జవాబు చెప్పి, మామయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "రేపు దుకాణం తియ్య. పొద్దుగాల నువ్వు, నేను యూసుఫ్‌గూడకు పోదాం బిడ్డా. వీడొద్దు, వీడు తొందరపడతడు. నేనే తలుపు కొడత. ఆయన తీస్తే, అన్నదమ్ములిద్దరం కలిసి దవాఖానకు వస్తం."